నాయన వేగం

మా ఇంట్లో చెయ్యి చేసుకోవడం కూడా మాట్లాడటం కిందికే వచ్చేది. మా నాయన డోలు విద్వాంసుడు. పుత్తూరు అవతల మా ఊళ్ళోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పెళ్ళి జరిగినా, గుడి తిరునాళ్ళు జరిగినా డోలు ఆయనది, నాదస్వరం మా మేనమామది. వాయించుకుని ఇంటికి వచ్చాక అదే డోలు కర్ర మా అన్నదమ్ములిద్దరి మీదా మోగేది. తాళం తప్పితే వేలి కణుపుల మీద, పరధ్యానంగా కూర్చుంటే వీపు మీద. ఏ తప్పుకు ఎక్కడ పడుతుందో ముందే తెలుసు కాబట్టి, తప్పు చేసిన మరుక్షణం ఒంట్లో ఆ చోటు దానంతటదే బిగుసుకునేది.

అన్నిటికంటే పెద్ద తప్పు మధ్యలో ఆపడం. డోలులో తీర్మానం అని ఒకటుంది. ఒకే జతిని, అంటే ఒకే దెబ్బల వరసను, మూడుసార్లు వాయించి, చివరి దెబ్బను సరిగ్గా తాళం ఎత్తుకున్న చోట దించాలి. అది మొదలయ్యాక ఇల్లు అంటుకున్నా ఆపకూడదు, వాయిస్తున్నవాడి మీద పక్కవాడు చెయ్యి వెయ్యకూడదు. "దేవుని ముందర నోరు తెరిసి మాట సగంలో మింగుతారా ఎవురైనా?" అనేవాడు నాయన. నా తమ్ముడికి ఏడేళ్ళప్పుడు తీర్మానం మధ్యలో తేలు కుట్టింది. వాడి మొహం నల్లబడటం నేను చూశాను. వాడు మూడో జతి కూడా పూర్తి చేసి, చివరి దెబ్బ వేసి, కర్ర కింద పెట్టి, అప్పుడు అరిచాడు. నాయన వాడిని భుజాన వేసుకుని తేలు మందు వేసే ఆయన ఇంటి దాకా పరిగెత్తాడు. దారి పొడుగునా ముద్దులు పెడుతూనే ఉన్నాడు. నాయన ఎవరినైనా ముద్దు పెట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నేను ఆ బడిలో నిలవలేదు. పదిహేనేళ్ళప్పుడు నా వేళ్ళ మీదికి వచ్చిన కర్రను లాక్కుని ఆయన మీదికే విసిరాను. నుదురు చిట్లి రక్తం కనుబొమ్మలోకి దిగింది. ఆయన తుడుచుకుని, "నువ్వు సదువుకోపో" అన్నాడు. అంతే, ఆ తరువాత నాకు డోలు చెప్పలేదు. తిరుపతికి వచ్చి చదువుకున్నాను, కంప్యూటర్ ఉద్యోగంలో చేరాను. ఊళ్ళో నా వంతు దెబ్బలు కూడా తమ్ముడే తిన్నాడు. నాయన పోయాక వాడూ తిరుపతికి వచ్చి, కొర్లగుంటలో నా ఇంటి మేడ మీద కాపురం పెట్టాడు. తిరునాళ్ళకు మామ పక్కన నాయన కూర్చున్న చోట ఇప్పుడు వాడు కూర్చుంటాడు.

నేను ఒక సంగీతం సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పడుతూ ఉండేవాణ్ణి. ఎవరో విదేశీయుడు గిటారు నేర్చుకునేవాళ్ళ కోసం దాన్ని రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా మార్చుకోండి అని కోడ్ మొత్తం బయట పెట్టేశాడు. ఏదైనా రికార్డింగు అందులో వేస్తే శ్రుతి చెడకుండా వేగం తగ్గిస్తుంది. కావాల్సిన ముక్కను ఎన్నిసార్లయినా తిప్పి వినిపిస్తుంది. నేను దానికి మన తాళాలు లెక్కపెట్టడం నేర్పాను. రాసినాయన విసుగెత్తి వదిలేశాక దాని బాగోగులు చూసుకునే నలుగురిలో నేనొకణ్ణయ్యాను. ఆఫీసు పని జీతానికి చేసేవాణ్ణి, ఇది పంతానికి. డోలు చేతికి రాకపోయినా లయ నా దగ్గర ఉందని ఎవరికో చూపించాలని ఉండేది. ఆ ఎవరో పోయినా పంతం పోలేదు.

ఒక ఆదివారం మామ ఇంటికి వస్తే తమ్ముడూ కిందికి దిగి వచ్చాడు. అంతకు ముందు వారం శ్రీకాళహస్తిలో ఒక పెళ్ళిలో తమ్ముడు వాయించింది నా దగ్గర రికార్డయి ఉంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి, వాడి వేగాన్ని గీతగా గీయించి, లాప్‌టాప్ మామ వైపు తిప్పాను.

"సూడు మామా, గీత ఎట్ల పైకి పోతా ఉండాదో. వీనికి లయ నిలవదు. నీ ఊపిరిని వీడు తరుముతా ఉండాడు."

నిజమే, వాడు కొంచెం పరిగెత్తాడు. కానీ ఆ మాట వాడికి ఒంటరిగా చెప్పొచ్చు. నేను వదిలేసిన విద్యలో వాడి తప్పు పట్టుకోవడం, అదీ మామ ముందు పట్టుకోవడం నాకు తియ్యగా ఉండింది.

"దెబ్బలు తినలేక పారిపోయినోడివి, నువ్వు నాకు లయ సెప్తావా?" అని తమ్ముడు మోచేత్తో లాప్‌టాప్‌ను బల్ల మీద నుంచి తోసేశాడు. అది నేల మీద పడి తెర చిట్లింది. "మామా, పద. ఈ ఇంట్లో నీళ్ళు గూడా తాగను" అంటూ నా గదిలోని ఇనుప బీరువా దగ్గరికి వెళ్ళాడు. డోలుకు ఎడమ చేతిలో కర్ర ఉంటుంది, కుడి చేతి వేళ్ళకు గట్టి తొడుగులు వేసుకుంటారు. నాయనవి ఆ రెండూ బీరువా పై అరలో ఉన్నాయి. వాటి కోసం కుడిచెయ్యి లోపలికి పెట్టాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. బీరువా తలుపును కాలితో తన్నాను.

ఎముక విరిగిన చప్పుడు పెద్దగా ఏమీ రాదు. తలుపు మోతలో కలిసిపోయింది. కానీ నాకు వినిపించింది. వినిపించిన మొదటి క్షణంలో నాకు సంతోషమైంది. ఒక్క క్షణమే. కానీ ఆ క్షణం ఉండింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

"మీ ఇంట్లో మగాళ్ళకు నోరు పెట్టడం మర్సిపోయినాడా దేవుడు?" అంది మా ఆవిడ, వాడి చేతికి తువ్వాలు చుడుతూ.

పుత్తూరుకు తీసుకెళ్ళాం. మా వైపు ఎముక విరిగితే ఎవరూ ఇంకో ఊరి పేరు తలచుకోరు. కట్టు కట్టే పెద్దాయన చెయ్యి తడిమి, "ఎట్ల ఇరిగిందప్పా?" అని అడిగాడు. నేను గోడ వైపు చూశాను.

"బండి మీద నుంచి పడినాను" అన్నాడు తమ్ముడు.

పెద్దాయన మణికట్టు పట్టి లాగి ఎముకను చోటులో కూర్చోబెడుతుంటే వాడు అరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. తాళం లెక్కపెడుతున్నాడు. ఆకు మందూ గుడ్డు సొనా పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టి పంపించారు. వాడు నా కోసం అబద్ధం చెప్పాడని మెచ్చుకోలేకపోయాను, పైపెచ్చు ఒళ్ళు మండింది. పెద్దాయన ముందే నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఎముక చక్కగా అతుక్కుంది. వేగం మాత్రం తిరిగి రాలేదు. కుడి చేతి వేళ్ళు ఒకదాని వెనక ఒకటి దొర్లాల్సిన చోట కలిసికట్టుగా పడుతున్నాయి. మామ వచ్చి చూశాడు, విన్నాడు, చాలాసేపు తాంబూలం నమిలాడు.

"సూడబ్బా, ఈ ఏడు ఎవుర్నో ఒకర్ని పెట్టుకోని ఎట్లో నెట్టుకొస్తా. వచ్చే చైత్రంలో ఊరి తిరునాళ్ళకి నీ చెయ్యి రాకుంటే మాత్రం తిరుత్తణి నుంచి ఒకాయన్ని పిలిపిస్తా. ఆయన ఒకతూరి ఆ సోట కూసున్నాడంటే మళ్ళ లెయ్యమనేది నా సేత కాదు."

ఆ చోటు మా తాతది, తరువాత నాయనది. తమ్ముడు తల ఊపాడు. వాడికి వేరే విద్య రాదు. వేరేది నేర్చుకునే వయసులో వాడు నాయన దగ్గర దెబ్బలు తింటున్నాడు.

మామ దగ్గర నాయన వాయించిన పాత క్యాసెట్ ఒకటి ఉంది, ఏదో తిరునాళ్ళలో ఎవరో పట్టినది. నేను దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, నా సాఫ్ట్‌వేర్‌లో వేసి, లాప్‌టాప్‌ను తెర బాగు చేయించి, మేడ మీద తమ్ముడి ముందు పెట్టి, వాడికే వదిలేశాను. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు, ఇది వచ్చింది. వేగం నలభై దగ్గర పెట్టాను. నూరు అంటే నాయన అసలు వేగం.

నాయన మొదలుపెట్టాడు. ఒక్కొక్క దెబ్బ ఆలోచించుకుని వేస్తున్నట్టు వేశాడు. బతికుండగా ఎవరి కోసమూ తగ్గని మనిషి నలభైకి తగ్గాడు.

తమ్ముడు నవ్వాడు. బీరువా రోజు తరువాత వాడు నా ఎదుట నవ్వడం అదే మొదలు. "నాయన్ని కాళ్ళ నొప్పులోడి మాదిరి నడిపిస్తా ఉండావు కదన్నా!"

రెండు చేతులూ డోలు మీద ఉంటాయి కాబట్టి నేల మీద ఇంకో కీబోర్డు పెట్టుకుని, కాలి బొటనవేలితో స్పేస్‌బార్ నొక్కడం అలవాటు చేసుకున్నాడు. నొక్కితే, నడుస్తున్న ముక్క పూర్తి కాగానే మళ్ళీ మొదటి నుంచి వస్తుంది. ఆ ఏర్పాటు నేనే రాశాను. సాఫ్ట్‌వేర్ తెర మీద తెరుచుకునే కిటికీ, అంటే విండో మొత్తానికి ఒక్కటే చెప్పాను: తెర మీద ఏమున్నా సరే, స్పేస్‌బార్ పడితే ముందు నాకు చెప్పు. వారానికి రెండు అంకెలు పెంచుకుంటూ పోయాడు. మెట్ల మీద ఎదురైతే "ఈ రోజెంత?" అనేవాణ్ణి, "యాభై ఆరు" అనేవాడు. మేం మళ్ళీ మాట్లాడుకోవడం మొదలైంది ఆ అంకెలతోనే. అరవై నాలుగు. డెబ్బై. డెబ్బై నాలుగు దాటాక వేళ్ళు విడివిడిగా దొర్లడం కింద నా గదిలోకి వినిపించేది. నేను పని ఆపి వినేవాణ్ణి.

డెబ్బై ఆరు దగ్గర వాడి లాప్‌టాప్ తనంతట తాను కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారింది. మారాక నా సాఫ్ట్‌వేర్ అందులో లేదు. తెర మీది బటన్లూ కిటికీలూ స్లయిడర్లూ తయారు చేసే సామగ్రిని టూల్‌కిట్ అంటారు. మాది పాత టూల్‌కిట్ మీద కట్టింది. కొత్త సిస్టమ్ పాతదాన్ని వదిలేసింది, దానితోపాటు మమ్మల్నీ వదిలేసింది. రెండేళ్ళుగా హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కాలం గడిపాం. పాత సిస్టమ్‌కే వెనక్కి వెళ్దామని నేను చేసిన ప్రయత్నంలో వాడి లాప్‌టాప్ పూర్తిగా పడుకుంది. మళ్ళీ కొత్తదే ఎక్కించాల్సి వచ్చింది.

"అంటే నాయన లేడా ఇంక?" అని అడిగాడు తమ్ముడు.

"రికార్డింగ్ ఉండాదిరా. దాన్ని తగ్గించేదే లేదు. కొత్త టూల్‌కిట్‌కి మార్సాల."

వాడు ఎడమ పిడికిలితో గోడను గుద్దాడు. సున్నం రాలింది. "మళ్ళ తలుపేసేస్తివి కదన్నా" అన్నాడు.

ఆ మాటకు నేను మూడు వారాలు సెలవు పెట్టి కూర్చున్నాను.

నేను కోడ్‌ను మార్చలేదు, నరికాను. అంతకంటే సరైన మాట లేదు. కొత్త టూల్‌కిట్‌లో పాత పద్ధతుల్లో సగం లేవు. ఒకదాని లోపల ఒకటి పెట్టే పెట్టెలు లేవు, మెనూలు వేరు, బొమ్మ గీసే తీరు వేరు. మొదటిసారి కంపైల్ చేస్తే ఎర్రర్లు తెర మీద ఆగకుండా జారాయి. బూతులు తిడుతూ ఒక్కొక్కటీ పీకాను. ఎవరు ఎప్పుడు ఎందుకు రాశారో ఆలోచించకుండా ఫైళ్ళకు ఫైళ్ళు కొట్టేశాను. మౌసు విరిగింది, రెండోది కొన్నాను. మా ఆవిడ గది తలుపు దగ్గర కంచం పెట్టి వెళ్ళిపోయేది. ఆ పనిలో నాకు సుఖం కూడా ఉండింది. నాయనకు మమ్మల్ని కొడుతున్నప్పుడు ఇలాగే ఉండేదేమో.

కిటికీ మొత్తానికి ఒక్కసారే స్పేస్‌బార్ చెప్పుకునే పాత పద్ధతి కూడా అక్కడ లేదు. దగ్గరలో కనిపించిన దారిలో ఏదో రాసి ముందుకు వెళ్ళాను. కిటికీలో బటన్లన్నీ కొత్తగా పేర్చాను. అన్నిటికంటే ముందు 'అసలు వేగం' అనే బటన్ పెట్టాను. దాన్ని నొక్కితే వేగం నూరుకు వస్తుంది. తమ్ముడు త్వరలో నూరుకు చేరాలని, చేరినప్పుడు అది ముందుండాలని నా ఆశ.

మార్పులన్నీ మిగతా ముగ్గురికి చూపించాలి, అది మా పద్ధతి. వాళ్ళలో ఒకామె ఎక్కడో చలి దేశంలో ఉంటుంది. మొహం ఎప్పుడూ చూడలేదు, ఓపికగా రాసే మనిషి. ఆమె ఒక చోట ఆగి అడిగింది: ఈ కొత్త టూల్‌కిట్‌లో కీబోర్డు మీట నొక్కితే ఆ నొక్కు ముందు ఏ బటన్ ఎంపికై ఉందో దానికి చేరుతుంది, కిటికీకి కాదు. మౌస్ ముట్టుకోకుండా కీబోర్డు ఒక్కదానితో నడిపి చూశారా?

చూడలేదు. చూడటానికి పావుగంట పట్టేది. కానీ అప్పటికి ఆమె అడిగినవి పదకొండు ప్రశ్నలు. నాకు తిక్క రేగింది. ఇది సంగీతం వాయించేవాళ్ళ కోసం, టైపు కొట్టే గుమాస్తాల కోసం కాదు, నా ఇంట్లోనే ఒక విద్వాంసుడు ఉన్నాడు, అతనికేం కావాలో నాకు తెలుసు అని రాసి ఆమె ప్రశ్నను మూసేశాను.

ఆదివారం పొద్దున మేడ మీదికి ఎక్కి కొత్తది పెట్టాను. స్లయిడర్ మౌస్‌తో లాగి చూపించాను, నాయనను మౌస్‌తో ఆపి చూపించాను. తమ్ముడు వేగం డెబ్బై ఎనిమిదికి పెట్టుకున్నాడు. "ఇది గుర్తు పెట్టుకుంటాది, మూసి తెరిసినా అదే ఉంటాది సూడు" అని నేను మూసి మళ్ళీ తెరిచాను. డెబ్బై ఎనిమిదే ఉంది. తెరవగానే మొదటి బటన్ చుట్టూ సన్నటి నీలం గీత కనిపించింది. అందంగానే ఉంది. అది 'అసలు వేగం' బటన్. ఎంపికై ఉన్నది అదే అన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు.

వాడు తొడుగులు వేసుకున్నాడు, కర్ర పట్టుకున్నాడు, కాలు చాపి బొటనవేలిని స్పేస్‌బార్ పక్కన పెట్టుకున్నాడు. తాళం ఒక వరస లెక్కపెట్టి నాయన మొదలయ్యాడు. అలా తనంతట తాను మొదలయ్యేటట్టు నేనే పెట్టాను. డెబ్బై ఎనిమిదిలో ఇద్దరూ కలిసి నడిచారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాను. వాడి వేళ్ళు దొర్లుతున్నాయి. తీర్మానానికి వచ్చారు. మొదటి జతి ఎత్తుకుంటూనే, ముగింపు కాగానే ముక్క మళ్ళీ రావాలని, వాడు ఎప్పటిలాగే బొటనవేలితో నొక్కాడు.

నాయన లేచాడు.

నూరుకు లేచాడు. చిన్నప్పుడు వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపిస్తే ఎలా ఉండేదో అలా గది బిగుసుకుపోయింది. తమ్ముడు తల ఎత్తి నా కళ్ళలోకి చూశాడు. ఏమిటిదని అడిగే చూపు. చూస్తూనే చేతులు ఆపలేదు. వాడు నాయన వెంట పడ్డాడు, అందుకున్నాడు, పక్కనే నడిచాడు. లాప్‌టాప్ నాకు రెండడుగుల దూరంలో ఉంది. మూత వేస్తే అయిపోయేది. నా చెయ్యి కదలలేదు. తీర్మానం నడుస్తోంది, ఆపకూడదు, చెయ్యి వెయ్యకూడదు. నలభై ఏళ్ళు దాటినవాణ్ణి, గుమ్మం పక్కన కాఫీ గ్లాసుతో, అలా నిలబడి చూశాను.

రెండో జతి. మూడో జతి. వాడి నుదుటి నరం ఉబ్బింది. అంత బాగా వాడు వాయించగా నేనెన్నడూ వినలేదు. చివరి దెబ్బ నాయన దెబ్బతో కలిసి ఒక్కటిగా పడింది. వాడు కర్ర కింద పెట్టాడు. అప్పుడు అరిచాడు.

లాప్‌టాప్ లోపల నాయన ఆగలేదు. తరువాతి వరస ఎత్తుకున్నాడు. నేను దాన్ని రెండు చేతులతో ఎత్తి మేడ మెట్ల మీద నుంచి కిందికి విసిరాను.

పుత్తూరు పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టాడు.

"ఈ తూరి యాడ పడితివప్పా?"

"పడలేదు. మా నాయన కొట్టినాడు" అన్నాడు తమ్ముడు.

"మీ నాయన నాకు తెలుసు కదా. పొయ్యి ఆరేండ్లయింది."

"పొయినా కొట్టినాడు."

పెద్దాయన నా వైపు తిరిగాడు. నాకు గోడ వైపు చూడబుద్ధి కాలేదు. "మొదుటితూరి బండి మీద నుంచి పడలేదప్పా. బీరువా తలుపు నేనే తన్నినాను. ఇది గూడా నేను చేసిందే, వేరే మాదిరి" అన్నాను. ఆయన తమ్ముడి చెయ్యి అందుకున్నాడు. "భుజం గట్టిగా పట్టుకో, కదలనీగాకు" అన్నాడు. పట్టుకున్నాను. తమ్ముడి చెమట నా చేతులకు అంటుకుంది. ఎముక నిలిచిందని, లోపల నరం చిరిగిందని, మూడు నెలలు వేలు కూడా ఆడించకూడదని చెప్పాడు. చైత్రానికి రెండు నెలలు కూడా లేవు.

ఇంటికి వచ్చి నా కంప్యూటర్‌లో ఆ ప్రశ్నను మళ్ళీ తెరిచాను. పావుగంటలో తేలిపోయే పని అక్కడే ఉంది, దాని కింద నా పొగరు మాట కూడా ఉంది. ఆమెకు జరిగింది జరిగినట్టు రాశాను. తమ్ముడి కాలి వేలు, నాయన రికార్డింగు, ఆపకూడదనే మా ఇంటి పద్ధతి, అన్నీ రాశాను. నన్ను తిట్టమని కూడా రాశాను. మరుసటి రోజు పొద్దున ఏడు వరసల కోడ్ వచ్చింది. మీట ఏ బటన్‌కూ చేరకముందే కిటికీ దాన్ని పట్టుకుంటుంది. కింద ఒక్క వాక్యం: మీ తమ్ముడి చెయ్యి ఎలా ఉంది? చదివి బాత్రూములోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను. 'అసలు వేగం' బటన్‌ను ఎవరికీ వేలు తగలని అడుగు వరసకు దించాను.

తిరునాళ్ళకు నేను వద్దన్నా తమ్ముడు వెళ్దామన్నాడు. చెయ్యి గుడ్డలో వేలాడేసుకుని, ఊరేగింపు పక్కన జనంలో నిలబడ్డాడు. తిరుత్తణి ఆయన మామ పక్కన నడుస్తూ వాయించాడు. మామ ఒక్కసారి మా వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. తిరుపతిలో ఇంటి ముందు కారు దిగుతూ తమ్ముడు, "బాగా వాయించినాడన్నా. ఆ సోటు ఇంక ఆయనదే" అన్నాడు.

వాడు ఏడ్చి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. మరునాడు మధ్యాహ్నం మేడ మీద వాడు తప్ప ఎవరూ లేనప్పుడు బీరువాలోంచి నాయన కర్ర తీసుకుని వెళ్ళాను. వాడి ఎడమ చేతిలో పెట్టాను. చొక్కా విప్పి, వాడికి వీపు పెట్టి నేల మీద కూర్చున్నాను.

"కొట్టరా."

"తిక్క పట్టినాదా నీకు?"

"రెండుతూర్లు ఇరగ్గొడితిని నీ చెయ్యి. నా వంతు గూడా నువ్వే తింటివి సిన్నప్పుడు. కొట్టు."

కింద ఎవరో బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయారు. తరువాత మొదటి దెబ్బ పడింది. మెల్లగా పడింది. రెండోది అంత మెల్లగా లేదు. ఐదారు పడేసరికి నాకు అర్థమైంది. వాడు ఊరికే కొట్టడం లేదు, వాయిస్తున్నాడు. నాయన తీర్మానం, ఆ రోజుదే. ఒక్కొక్క జతికి తొమ్మిది దెబ్బలు. ఎడమ చేత్తో నా వీపు మీద డెబ్బై ఎనిమిదిలో ఎత్తుకుని వేగం పెంచుతున్నాడు. మొదటి జతి అయింది. రెండో జతిలో చర్మం మండింది, పళ్ళు బిగబట్టాను. వెనక నుంచి వాడి ఊపిరి బుసబుసలాడుతోంది. ఏడుస్తున్నాడో తిడుతున్నాడో తెలియలేదు. మూడో జతి ఎత్తుకున్నాడు. అది నూరు. నాయన వేగం. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

ఇంకా నాలుగు ఉన్నాయి. ఎక్కడ పడతాయో నా వీపుకు తెలుసు, ఆ చోట్లు ముందే బిగుసుకున్నాయి. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

పడలేదు.

కర్ర నేల మీద పెట్టిన చప్పుడైంది. నేను తిరిగి చూడలేదు, తీర్మానం నడుస్తుంటే కదలకూడదు. వాడు నా చొక్కా తీసి భుజాల మీద కప్పాడు.

"సాలన్నా" అన్నాడు. "ఆపేస్తిని. లెయ్."